తమ్ముడికి బడి యాదుంది, పెళ్లి యాదిలేదు: తలకు పెద్ద దెబ్బ తగిలాక జ్ఞాపకాన్ని ఎలా పరీక్షిస్తారు?

పరకాల నుంచి ఒకామె తన తమ్ముడి గురించి అడిగారు. ప్రశ్న పెద్దది, కుదించి చెబుతాను. తమ్ముడికి 31 ఏళ్లు, మోటర్ వైండింగ్ షాపు ఉంది. ఏడు నెలల కింద రాత్రిపూట బైకు మీద వస్తూ పడిపోయాడు, హెల్మెట్ లేదు. ఆస్పత్రికి తెచ్చినప్పుడు గ్లాస్గో స్కోరు (స్పృహ ఎంత ఉందో 3 నుంచి 15 దాకా కొలిచే లెక్క) 6. పంతొమ్మిది రోజులు స్పృహ లేదు. ఇప్పుడు నడుస్తున్నాడు, తింటున్నాడు, మాట స్పష్టంగానే ఉంది. చిన్ననాటి సంగతులన్నీ చెబుతాడు, రెండున్నరేళ్ల కింద అయిన తన పెళ్లి మాత్రం గుర్తులేదంటాడు. ప్రమాదానికి ఐదు నెలల ముందు తండ్రి చనిపోయారు. రోజూ "బాపు ఏడి?" అని అడుగుతాడు. తర్వాత తీసిన సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. ఒకచోట 30 మార్కుల పరీక్ష పెడితే 26 వచ్చాయి, జ్ఞాపకశక్తి నార్మల్ అని రాసిచ్చారు. "నార్మల్ అయితే రోజూ బాపును ఎందుకు అడుగుతడు మేడం? అసలు ఏ పరీక్ష చేయించాలె?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, నేను హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది తలకు దెబ్బ తగిలినవాళ్లే. మీ తమ్ముణ్ని చూడకుండా అతని గురించి తీర్పు చెప్పలేను. పరీక్ష ఎలా జరగాలో, ఆ 26 మార్కుల కాగితాన్ని ఎందుకు పక్కన పెట్టవచ్చో మాత్రం చెప్పగలను.

ముందు ఆ కాగితం సంగతే చూద్దాం. మీరు చెప్పినదాన్ని బట్టి అది ఎంఎంఎస్‌ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) అనుకుంటున్నాను. 1975లో అమెరికాలో తయారైంది. పెద్ద వయసువాళ్లలో మతి తప్పుతోందా అని పది నిమిషాల్లో ఒక అంచనాకు రావడానికి పనికొస్తుంది. ఇవాళ తేదీ ఎంత, ఈ ఊరేది, వందలోంచి ఏడు తీసేయండి, ఇదేమిటి పెన్నా గడియారమా, ఈ బొమ్మ గీయండి, ఇలా సాగుతుంది. కొద్ది నిమిషాల తర్వాత గుర్తుచేసుకుని చెప్పాల్సినవి అందులో మూడంటే మూడు మాటలు. మూడింటికి మూడు మార్కులు. ఆ మూడూ పూర్తిగా పోయినా 27 రావచ్చు. 24 దాటితే పర్వాలేదని మామూలుగా లెక్క. కాబట్టి ఆ పరీక్ష పెట్టినవాళ్లు తప్పు చేశారని అనను, దాని మీద "నార్మల్" అని రాయడమే తొందర. ధాన్యం తూచే కాంటా మీద బంగారం పెట్టి బరువు లేదన్నట్టు అయింది.

ఇక రెండో చిక్కు మాటల దగ్గర ఉంది. మన దగ్గర అందరూ "షార్ట్ టర్మ్ మెమరీ లాస్" అంటారు, సినిమాల పుణ్యమా అని. కానీ మా పరీక్షల లెక్కలో షార్ట్ టర్మ్ అంటే అర నిమిషం లోపు మనసులో పట్టుకుని ఉంచేది. ఫోన్ నంబర్ వినగానే తిరిగి చెప్పడం అది. మీరు ఇవాళే చేసి చూడండి: ఐదారు అంకెలు నిదానంగా చదివితే మీ తమ్ముడు బహుశా సరిగ్గానే తిరిగి చెబుతాడు. పది నిమిషాలయ్యాక "ఇందాక నీకేం చెప్పిన?" అని అడిగితే మీరు అంకెలు చదివిన సంగతే ఉండకపోవచ్చు. ఈ రెండోదే లాంగ్ టర్మ్ మెమరీ. అంటే నిన్నటి కూర గుర్తులేకపోవడం కూడా మా భాషలో దీర్ఘకాల జ్ఞాపకం లోపమే. పాత సంగతులు గుర్తుండటం ఒక్కటే దీర్ఘకాల జ్ఞాపకం అనుకుంటే రిపోర్టు చదివినప్పుడు అంతా తలకిందులుగా అర్థమవుతుంది.

ఇప్పుడు "బాపు ఏడి?" దగ్గరికి వద్దాం. ఆ ఒక్క ప్రశ్నలో రెండు లోపాలున్నాయి. ప్రమాదానికి ఐదు నెలల ముందు జరిగిన చావు గుర్తులేకపోవడం ఒకటి. నిన్న మీరు చెప్పింది ఇవాళ నిలవకపోవడం ఇంకొకటి. మొదటిది మాత్రమే ఉంటే, మీరు ఒకసారి చెప్పినప్పుడు ఏడ్చేవాడు, ఆ తర్వాత అది తెలిసిన సంగతిగా ఉండిపోయేది. రోజూ అడుగుతున్నాడంటే కొత్త సంగతి లోపలికి వెళ్లి కూర్చోవడం లేదు. మీ ఇంట్లో అందరూ పెళ్లి మరిచిపోయాడని బాధపడుతున్నారు, నాకు అర్థమవుతుంది. అయితే రేపు షాపుకు, సంసారానికి అడ్డం పడేది ఈ రెండోదే. పరీక్ష ముఖ్యంగా దీని మీద జరగాలి.

మధ్యలో మూడో ఖాళీ కూడా ఒకటుంది. కోమాలో ఉన్న రోజులు, కళ్లు తెరిచాక అటూ ఇటూ మాట్లాడిన రోజులు. ఆ కాలంలో మెదడు ఏదీ రాసిపెట్టుకోదు, కాబట్టి అది తిరిగి రావడమంటూ ఉండదు. "ఐసీయూలో నీకోసం ఎంత ఏడ్చినమో యాదిలేదా?" అని అడగకండి. కానీ ఈ ఖాళీ ఎన్ని రోజులన్నది మాకు చాలా అవసరం. డిశ్చార్జ్ సమ్మరీలో ఇది సాధారణంగా ఉండదు. అందులో స్పృహ వచ్చిన రోజు మాత్రమే ఉంటుంది. కళ్లు తెరవడం వేరు, రోజు తర్వాత రోజు జ్ఞాపకం అతుక్కోవడం వేరు. "దెబ్బ తగిలాక నీకు మొట్టమొదట యాదున్నది ఏంది? దాని తర్వాత?" అని అడుగుతూ పోతే ముందు అక్కడొకటి ఇక్కడొకటి చెబుతాడు: అంబులెన్స్ హారన్, ఎవరో తినిపించిన ఇడ్లీ. అవి విడివిడి దీవులు, లెక్కలోకి రావు. ఎక్కడి నుంచి సంగతులు వరసగా వస్తాయో అక్కడ ఆ ఖాళీ ముగిసినట్టు. ఒక రోజు దాటితే దెబ్బ తీవ్రమైనది, వారం దాటితే అతి తీవ్రం, నాలుగు వారాలు దాటితే ఇంకా పైమెట్టు. గ్లాస్గో స్కోరు 8 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా తీవ్రమైన దెబ్బ అంటారు. మీవాడిది 6. పైగా పంతొమ్మిది రోజులు స్పృహే లేదు, కాబట్టి ఈ ఖాళీ అంతకంటే పొడవే ఉంటుంది.

పరీక్ష ఎప్పుడన్నది కూడా దీన్ని బట్టే. ఆ అయోమయం పోకముందే పెద్ద పరీక్ష పెడితే వచ్చిన అంకెలకు విలువ లేదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ అడగడానికి చిన్న పరీక్షలు ఉన్నాయి. 1979లో వచ్చిన గాల్వెస్టన్ పరీక్షలో 100కు 75 దాటి, వరసగా కొన్ని రోజులు అలాగే నిలవాలి. అది దాటాక అసలు పరీక్ష. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిగా రెండేళ్ల దాకా, కొందరిలో ఆ పైన కూడా సాగుతుంది. ఏడో నెల అంటే మొదటి పెద్ద పరీక్షకు మంచి సమయమే. మళ్లీ ఏడాదికి ఒకటి, రెండేళ్లకు ఒకటి. అదే మాటల జాబితా మళ్లీ మళ్లీ వాడకూడదు, అలవాటుతో మార్కులు పెరుగుతాయి. సమానంగా ఉండే వేరే జాబితాలు ఉంటాయి, అవి వాడమనండి.

ప్రమాదానికి ముందటి జ్ఞాపకాన్ని కొలవడం నాకు ఇష్టమైన పని, కష్టమైన పని కూడా. దగ్గరి కాలం ముందు పోతుంది, చిన్ననాటిది నిలుస్తుంది అన్న సంగతిని ఫ్రెంచ్ పండితుడు రిబో 1881లోనే రాశాడు. మీ తమ్ముడి విషయంలో కనిపిస్తున్నది అదే. చాలామందిలో ఈ ఖాళీ కాలంతో పాటు కుదించుకుపోతుంది. రెండేళ్లు పోయినవాడికి మెల్లగా పాత కొస నుంచి తిరిగివచ్చి, చివరికి ప్రమాదానికి ముందటి కొన్ని రోజులో, కొన్ని గంటలో మిగలవచ్చు. ఎంత వెనక్కి వస్తుందో ముందే చెప్పలేం. తలకు మళ్లీ దెబ్బ తగిలితే గుర్తొస్తుందన్నది సినిమా కథ. దయచేసి ఎవరి మాటా విని అలాంటి పనులు చేయకండి, రెండో దెబ్బ మరింత చెరుపు చేస్తుంది.

అయితే గుర్తొచ్చిందా, మీరు నేర్పించిందా అన్నది ఎలా తేల్చాలి? ఒక అబ్బాయి గురించి చెబుతాను, నర్సంపేట వైపు నుంచి వచ్చాడు. తన పెళ్లి గురించి అడగ్గానే గడగడా చెప్పాడు: ఏ రంగు పట్టుపంచె, మండపం ఎక్కడ, మేనమామ ఎక్కడ కూర్చున్నాడు, అన్నీ. ఇంటివాళ్లు సంతోషంతో నా మొహం చూస్తున్నారు. "బంతిలో నీ పక్కన ఎవరు కూసున్నరు?" అన్నాను. ఆలోచించాడు. "గా ఫొటో దిగలే గద మేడం" అన్నాడు. అంతే. రెండు నెలలుగా రోజూ ఆల్బమ్ చూపిస్తున్నారు. అతను పెళ్లిని గుర్తుచేసుకోలేదు, ఆల్బమ్‌ను నేర్చుకున్నాడు. నిజానికి అది కూడా మంచి వార్తే, పదే పదే చూపిస్తే కొత్తది నేర్చుకోగలడని తెలిసింది. కానీ పాత జ్ఞాపకం తిరిగి వచ్చిందని నేను రాయలేను కదా.

అందుకే మీకు నా మొదటి విన్నపం: చుట్టాలు వచ్చిన ప్రతిసారీ "నేనెవర్నో చెప్పు" ఆట ఆపేయండి. అతనికి అవమానం, మాకు పరీక్ష పాడు. దాని బదులు ఒక నోటుబుక్కులో, అతనికి చూపించకుండా, గత పదేళ్ల నుంచి ఒక ఇరవై సంఘటనలు రాయండి. ఫొటో లేనివి, ఇంట్లో రోజూ చెప్పుకోనివి కావాలి. షాపు తెరిచిన మొదటి రోజు వచ్చిన మోటర్ ఎవరిది, మొదట కొన్న సెకండ్ హ్యాండ్ బైకు ఎక్కడ ఆగిపోయింది, ఇలాంటివి. ప్రతిదానికీ సాక్షి ఎవరో పక్కన రాయండి. అతను చెప్పింది నిజమా కాదా సరిచూడటానికి మాకు వేరే దారి లేదు. ఇంగ్లండులో తయారైన ఆత్మకథా జ్ఞాపకాల ఇంటర్వ్యూ ఒకటుంది. చిన్నతనం, యవ్వనం, ఇటీవలి కాలం అని మూడు భాగాలు చేసి, వివరాలు వేరుగా, సంఘటనలు వేరుగా అడుగుతారు. బడి పేరు, సారు పేరు చెప్పడం వివరం. ఒక రోజు సారు కొట్టినప్పుడు ఏం జరిగిందో కళ్లకు కట్టినట్టు చెప్పడం సంఘటన. దెబ్బ తగిలినవాళ్లలో ఒకటి మిగిలి ఇంకొకటి పోవచ్చు. ఆ చట్రం తీసుకుని ప్రశ్నలు మన జీవితానికి తగ్గట్టు వేస్తాను.

లోకం సంగతులు అడగడానికి విదేశీ పరీక్షల్లో వాళ్ల ప్రధానుల ఫొటోలు, నటుల ఫొటోలు ఉంటాయి. మన పరకాల అబ్బాయికి అవి ప్రమాదానికి ముందు కూడా తెలియవు. నా దగ్గర నేను కూర్చుకున్న గుర్తులు ఉన్నాయి: 2011 సకల జనుల సమ్మె, 2014 జూన్‌లో రాష్ట్రం రావడం, 2015 గోదావరి పుష్కరాలు, 2016 నవంబర్‌లో పెద్ద నోట్ల రద్దు, 2020 లాక్‌డౌన్, 2023 జూలైలో మోరంచపల్లి మునిగిన వాన. అన్నిటికంటే పనికొచ్చేది మేడారం. రెండేళ్లకోసారి జాతర, ఇంటిల్లిపాదీ పోతారు, ప్రతిసారీ ఏదో ఒకటి జరుగుతుంది. 2024, 2022, 2020, 2018 అని వెనక్కి వెళుతూ అడిగితే జ్ఞాపకం ఎక్కడ తెగిందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఇక పరకాలవాళ్లకైతే ప్రభుత్వమే ఒక పరీక్ష తయారుచేసి పెట్టింది. 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా, తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ. "మీది ఏ జిల్లా?" అంటే ఏ జవాబు వస్తుందో చూడాలి. ఒక్కటి మాత్రం, ఈ ప్రశ్నకు నిక్షేపంగా ఉన్నవాళ్లే తడబడతారు. అందుకని ఇవే ప్రశ్నలు పక్క గదిలో భార్యనో అన్ననో కూడా అడుగుతాను. ఒకసారి పేషెంటు 2022 జాతర సంగతి చెబితే భార్య కాదు 2020 అని గట్టిగా వాదించింది. ఫోన్లో ఫొటో తేదీ చూస్తే అతను చెప్పిందే సరి.

కొత్త జ్ఞాపకం పరీక్ష దీనికి పూర్తిగా వేరు. ముఖ్యమైనది మాటల జాబితా. పదిహేను మాటలు చదువుతాం, గుర్తున్నవి చెప్పమంటాం. అదే జాబితా ఐదుసార్లు. మధ్యలో వేరే జాబితా ఒకటి. అరగంట తర్వాత చెప్పకుండా మళ్లీ అడుగుతాం. చివరికి చాలా మాటలు కలిపి చదివి, వీటిలో ముందు విన్నవి ఏవో చెప్పమంటాం. మార్కుల మొత్తం కంటే మార్కులు ఎలా వచ్చాయన్నది ముఖ్యం. ఒకతను ఐదుసార్లలో 5, 7, 9, 10, 11 అని ఎక్కి, అరగంటకు 3కు పడిపోయి, కలిపి చదివినప్పుడు మాత్రం 14 గుర్తుపట్టాడనుకోండి. సరుకు కొట్లో ఉంది, వెతికి తీయడం రావట్లేదు. నుదుటి వెనక భాగం దెబ్బతిన్నవాళ్లలో ఇలా కనిపిస్తుంది. చిన్న సూచన అందిస్తే పని జరుగుతుంది. ఇంకొకతను అరగంటకు 1 చెప్పి, కలిపి చదివినప్పుడు కూడా సగమే గుర్తుపట్టి, లేనివి ఉన్నాయన్నాడనుకోండి. సరుకు కొట్లోకి చేరలేదు, చేరినా నిలవలేదు. కణతల లోపల హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం దెబ్బతిన్నప్పుడు, లేదా మెదడుకు ప్రాణవాయువు అందనప్పుడు ఇలా ఉంటుంది. ఇతనికి సూచనలు సరిపోవు, అంతా రాసిపెట్టుకోవాలి. మూడోరకం, మొదటిసారి 3, ఐదోసారి కూడా 4. ఇది అసలు జ్ఞాపకం సమస్యేనా, ధ్యాస నిలవడం లేదా, నిద్ర లేదా అని వెనక్కి వెళ్లి చూడాలి. "జ్ఞాపకశక్తి తక్కువ" అని ఒక్క ముక్క రాసిస్తే ఈ ముగ్గురికీ తేడా తెలియదు.

మాటలతో పాటు ఒక చిన్న కథ, ఒక క్లిష్టమైన బొమ్మ కూడా ఉంటాయి. 1985లో బ్రిటన్‌లో వచ్చిన రివర్‌మీడ్ పరీక్ష రోజువారీ పనులకు దగ్గరగా ఉంటుంది. అతని వస్తువు ఒకటి తీసుకుని దాచి, పరీక్ష అయిపోయాక అడిగి తీసుకోమంటాం. గంట మోగినప్పుడు ఫలానా ప్రశ్న అడగాలంటాం. చాలామంది బైకు తాళం చెవి నా సొరుగులోనే వదిలి గుమ్మం దాటేస్తారు. చేయాల్సిన పని సమయానికి గుర్తురావడం అనేది వేరే జ్ఞాపకం, ఇంట్లో గొడవలన్నీ దాని దగ్గరే.

ఏ పరీక్షల సమితి అని అడుగుతారు కాబట్టి చెబుతున్నా. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు 2004లో వేసిన బ్యాటరీ మన దేశంలో వయసు, చదువు ప్రకారం ప్రమాణాలతో ఉంది. చండీగఢ్‌లో తయారైన పీజీఐ మెమరీ స్కేలు చాలాచోట్ల వాడతారు. తెలుగులోకి తెచ్చిన అడెన్‌బ్రూక్స్ పరీక్ష కూడా ఉంది, 100 మార్కులది, ఎంఎంఎస్‌ఈ కంటే మేలు, అయినా అదీ ప్రధానంగా డిమెన్షియా (మతి తప్పే జబ్బు) కోసమే. ఏది వాడినా చదువు చూసి లెక్కకట్టాలి, పదో తరగతి అబ్బాయిని డిగ్రీవాళ్లతో పోల్చకూడదు. భాష కూడా చూడాలి. జాబితాలో బంగాళాదుంప ఉంటే మనవాడు ఆలుగడ్డ అంటాడు. ఒక ట్రైనీ దాన్ని తప్పు కింద కొట్టేసింది. నిజానికి అతను అర్థాన్ని గుర్తుపెట్టుకున్నాడు, మాటను తన మాటగా మార్చుకున్నాడు. అది తప్పు కాదు, ఒక సమాచారం. ఇంట్లో లంబాడీయో ఉర్దూయో మాట్లాడేవాళ్లకు తెలుగు జాబితా పెట్టి మార్కులు తక్కువన్న రిపోర్టులు కూడా నేను చూశాను.

స్కాన్‌లో ఏమీ లేదన్నదానికి ఎక్కువ చెప్పను. సీటీ రక్తం గడ్డను, ఎముక పగులును బాగా చూపిస్తుంది. తల ఒక్కసారిగా విసురుగా తిరిగినప్పుడు మెదడులోని సన్నని తీగలు తెగుతాయి, అవి సీటీలో తరచూ కనబడవు. ఎంఆర్‌ఐలో ఎస్‌డబ్ల్యూఐ అనే పద్ధతిలో చిన్న చిన్న రక్తపు చుక్కలు కనబడే అవకాశం ఎక్కువ. తీయకపోయి ఉంటే న్యూరాలజిస్టును అడగండి. స్కాన్ బాగుండి జ్ఞాపకం బాగాలేకపోవడం మాకు రోజూ కనిపించేదే.

పరీక్షకు ముందు డాక్టరుతో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫిట్స్ మాత్రలు ఏవి, ఎంత మోతాదు? కొన్నిటితో మందకొడితనం వస్తుంది, కానీ మీ అంతట మీరు ఆపకండి, ఫిట్స్ వస్తే అసలుకే ఎసరు. నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉంటున్నాడా, మందు అలవాటు ఉందా, చెవి సరిగ్గా వినిపిస్తోందా? పెద్ద దెబ్బ తర్వాత పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు తగ్గడం కూడా ఉంది, రక్తపరీక్షతో తెలుస్తుంది. ఇవన్నీ నిదానంగా చూసుకోవచ్చు. నిదానం పనికిరానిది ఒకటుంది: బాగుపడుతూ ఉన్నవాడు ఉన్నట్టుండి వెనక్కి పోతుంటే, నడక తూలుతుంటే, బట్టల్లో మూత్రం పోతుంటే, తలనొప్పి, వాంతులు, మగత ఉంటే పరీక్షల మాట వదిలేసి ఆ రోజే న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్లండి. తలలో నీరు చేరడమో, పాత రక్తం పేరుకోవడమో కావచ్చు, అవి నయం చేయగలిగినవి.

మీరు ఇంకో మాట రాశారు, "షాపుకు పోయొచ్చిన అని అబద్ధాలు చెబుతడు" అని. అది అబద్ధం కాకపోవచ్చు. ఖాళీని మెదడు పాత ముక్కలతో నింపేస్తుంది, చెప్పేవాడికి అది నిజమే. అబద్ధమాడేవాడికి లాభం ఉంటుంది, ఇతనికి ఏ లాభమూ లేదు. అందుకే మేము ఇంటివాళ్లతో విడిగా మాట్లాడతాం. తన లోపం తనకు తెలియని మనిషి "నాకేం కాలే, మంచిగున్న" అంటాడు, ఆ మాట మీద ఆధారపడి ఏ రిపోర్టూ రాయకూడదు.

చేతుల జ్ఞాపకాన్ని కూడా చూడమనండి. 1953లో మూర్ఛరోగానికి ఆపరేషన్ చేయించుకున్న హెన్రీ మొలాయ్‌సన్ అనే అమెరికన్‌కు హిప్పోక్యాంపస్ రెండువైపులా చాలావరకు తీసేశారు. 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంగతి దాదాపు ఏదీ నిలవలేదు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకూ మెరుగైంది, ముందు రోజు గీశానన్న సంగతి మాత్రం తెలియదు. పనితనం ఉండేది వేరే గదిలో. మీ తమ్ముడి లాంటివాణ్ని ఒకతన్ని షాపులోనే చూశాను. కాలిన కాయిల్ ఊడదీశాడు, స్లాట్లు తుడిచాడు, కాగితం పెట్టాడు, చేతులు ఎక్కడా ఆగలేదు. తీగ చుట్టడం మొదలుపెట్టి ముప్పై దాటాక ఎవరో పలకరించారు. తిరిగి చూసుకుంటే ఎన్ని చుట్లు అయ్యాయో తెలియదు. విప్పాడు, మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగుసార్లు. నా గదిలో ఏ పరీక్షా ఈ సంగతిని ఇంత స్పష్టంగా చూపించలేదు. తర్వాత పది చుట్లకొక గీత గోడ మీద గీయడం మొదలుపెట్టాడు, పని నడిచింది.

ప్రమాదం కేసు ట్రిబ్యునల్‌లో ఉందన్నారు కాబట్టి రిపోర్టులో ఈ షాపు సంగతి ఉండాలి. వైకల్యం ఇంత శాతం అనడం వేరు, సంపాదన ఇంత శాతం పోయింది అనడం వేరు అని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టంగా చెప్పింది. "జ్ఞాపకశక్తి 40 శాతం తగ్గింది" అన్న వాక్యం కంటే "ఆర్డరు గుర్తుపెట్టుకోలేడు, పక్కన మనిషి లేకుండా లెక్క పూర్తి చేయలేడు" అన్న వాక్యం మీకు ఎక్కువ పనికొస్తుంది. ఇంకోటి, కావాలని తక్కువ చేస్తున్నాడా అని చూసే పరీక్షలు కూడా మేము పెడతాం. అవి ఎలా ఉంటాయో ఇక్కడ చెప్పను. మీ మీద అనుమానంతో పెట్టేవి కావు, రేపు అవతలి వకీలు అడిగినప్పుడు మీ తరఫున నిలబడేవి అవే. ఎవరో సలహా ఇచ్చారని "ఏదీ రాదని చెప్పు" అని అతనికి నేర్పకండి. దొరికిపోతుంది, నిజంగా ఉన్న లోపాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఎక్కడ చేయించాలంటే, ముందు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో అడగండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ నిమ్స్. ప్రైవేటుగా వెళితే ఆ సైకాలజిస్టుకు క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. మొత్తం మూడు నాలుగు గంటల పని, రెండు రోజులకు పంచితే మంచిది. పొద్దున పూట, తిని, నిద్రపోయి వచ్చినప్పుడు. డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, మాత్రల చీటీ, పదో తరగతి మెమో, ఉంటే కళ్లద్దాలు తీసుకెళ్లండి. మెమో ఎందుకంటారేమో, ప్రమాదానికి ముందు అతని స్థాయి ఏమిటో అంచనా వేయడానికి.

ఇక బాపు సంగతి. రోజూ కొత్తగా విని రోజూ కొత్తగా ఏడుస్తున్నాడని రాశారు. దాచకండి, "ఊరికి పోయిండు" అని కూడా చెప్పకండి, ఎదురుచూస్తాడు. ఇంట్లో అందరూ ఒకే మాట, ఒకే తీరుగా, రెండు వాక్యాల్లో చెప్పండి: "బాపు పోయిన యేడు కాలం చేసిండు. నువ్వే తలకొరివి పెట్టినవ్." అది అతని చేతిరాతతోనే ఒక డైరీ మొదటి పేజీలో రాయించండి, కింద తేదీ, అతని సంతకం. అడిగినప్పుడు మీరు చెప్పకుండా డైరీ అతని చేతికివ్వండి. ఆ పేజీ వెనక రోజువారీగా, అడిగిన ప్రతిసారీ ఒక గీత గీస్తూ పోండి. రెండు వారాల గీతలు పట్టుకుని పరీక్షకు వెళ్లండి. ముప్పై మార్కుల కాగితం కంటే ముందు నేనైతే ఆ పేజీ అడిగి చూస్తాను.